తుర్క్‌మెన్ అంటే ఏమిటి, మార్కు ఎవరికి?

ప్రశ్న: నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. కుతుబ్‌షాహీల పాఠం అయ్యాక పిల్లలకు క్విజ్ పెట్టి, ‘ఆ వంశం మూలపురుషుడు సుల్తాన్ కులీ తుర్క్‌మెన్ కదా, తుర్క్‌మెన్ అనే పేరుకు అర్థం ఏమిటి?’ అని అడిగాను. ఒక జట్టు ‘తుర్కుల్లాంటి వాళ్లు’ అంది. నేను రాసి పెట్టుకున్న జవాబు అదే కాబట్టి మార్కు ఇచ్చేశాను. రెండో జట్టు ‘అసలు సిసలు తుర్కులు’ అంది. మూడో జట్టు ‘ఈమాన్ ఉన్న తుర్కులు, అంటే ఇస్లాంను నమ్మిన తుర్కులు’ అంది. ఆ రెండింటికీ సున్నా వేశాను. సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రచ్చ. ఎవరికి వాళ్లు నెట్‌లోంచి ఆధారాలు తెచ్చి పెడుతున్నారు. హెడ్మాస్టర్ గారేమో ‘మీరే తేల్చండి మేడమ్’ అన్నారు. ఒక్క మార్కు దగ్గర కప్పు ఆగిపోయింది, నాకు ఒకటే టెన్షన్. ఇంకో సంగతి. ఒక పిల్ల లేచి ‘మన ఊళ్లో తురకలు అంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా మేడమ్?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచక, బెల్లు కొట్టారని తప్పించుకున్నాను. నా పేరు వేయకండి. (ఒక టీచర్, కరీంనగర్ జిల్లా)

జవాబు: మేడమ్, కప్పు ఆగిపోయింది కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. ఆ ప్రశ్నను మూడు జట్లకూ రద్దు చేయండి. బదులుగా ‘సుల్తాన్ కులీ పుట్టిన వంశం పేరులో ఒక జంతువు ఉంది, ఏది?’ అని అడగండి. జవాబు గొర్రె. ఆ వంశం పేరు కరా కొయున్లు, అంటే నల్ల గొర్రెల వాళ్లు. దీనికి ఇంకో జవాబు లేదు. గ్రూపులో మాత్రం ‘ఆ పేరు అర్థం మీద పండితులే ఒక మాట మీద లేరు, అందుకే ప్రశ్న తీసేశాం’ అని ఒక్క ముక్క పెట్టి ఊరుకోండి. వాదనకు దిగారో, పండగ సెలవుల దాకా అది తెగదు.

అలాగని మూడు జవాబులదీ ఒకే తూకం కాదు. మీరు మార్కు ఇచ్చిన జవాబు చాలా పాతది, దానికి మంచి కథ కూడా ఉంది. కానీ మూడింటిలో వ్యాకరణం ఒప్పుకొనేది రెండోది. చరిత్ర చాలావరకు బలపరిచేదేమో మూడోది! అందుకే చిక్కు వచ్చింది.

కథతో మొదలుపెడతాను. 11వ శతాబ్దంలో మహమూద్ కాష్‌గరీ అనే పండితుడు బాగ్దాద్‌లో కూర్చుని తుర్కుల మాటలన్నీ పోగుచేసి అరబ్బీలో పెద్ద నిఘంటువు రాశాడు. పేరు ‘దీవాను లుగాతిత్ తుర్క్’. 1072లో మొదలుపెట్టాడు. కాష్‌గరీ స్వయంగా తుర్కు. ఒగుజ్ అనే తుర్కు తెగల సమూహాన్నే తుర్క్‌మెన్‌లు అంటారని చెప్పి, ఆ పేరు ఎలా వచ్చిందో ఇలా చెబుతాడు. జుల్‌కర్నైన్, అంటే మనం అలెగ్జాండర్ అనుకునే రాజు, సమర్‌కంద్ దాటి తుర్కుల దేశం మీదికి వచ్చాడు. తుర్కుల రాజు తన జనంతో తూర్పుకు తరలిపోయాడు. ఎక్కడానికి గుర్రాలు దొరక్క 22 మంది కుటుంబాలతో వెనకే ఉండిపోయారు. తర్వాత ఇంకో ఇద్దరు నడుచుకుంటూ వచ్చారు. జుల్‌కర్నైన్ వచ్చి చూస్తే జుట్టు పెంచుకుని, తుర్కుల గుర్తులతో ఉన్న మనుషులు కనబడ్డారు. ఎవర్నీ అడక్కుండానే ‘తుర్క్ మానంద్’ అన్నాడట. పారశీలో మానంద్ అంటే లాంటి. అదే వాళ్లకు పేరుగా నిలిచిపోయిందట.

కథ బాగుంది, నిలబడదు. గ్రీకు రాజు పారశీలో ఎందుకు మాట్లాడాడన్నది ఒక ప్రశ్న. అంతకన్నా పెద్ద ప్రశ్న కాలానిది. అలెగ్జాండర్ మధ్య ఆసియాకు వెళ్లింది క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో. తుర్క్ అనే పేరు చరిత్రలో స్పష్టంగా కనిపించేది క్రీస్తు తర్వాత 6వ శతాబ్దంలో, గోక్‌తుర్కుల రాజ్యంతో. బెజవాడ పేరు చెప్పమంటే కొండకు బెజ్జం పడి కృష్ణమ్మ పారిన కథ చెబుతారు చూడండి, ఇదీ అలాంటిదే. పేరు ముందు పుట్టింది, దానికి సరిపోయే కథ తర్వాత వచ్చింది.

ఈ ‘లాంటి’ అన్న అర్థం మాత్రం చాలాకాలం బతికింది. 14వ శతాబ్దం మొదట్లో ఇరాన్‌లో మంగోలుల మంత్రి రషీదుద్దీన్ దానికి ఇంకో కారణం చెప్పాడు. ఒగుజ్‌లు ఇరాన్ వైపు వచ్చాక అక్కడి నీళ్లకూ గాలికీ వాళ్ల ముఖాలు మారాయట, పారశీ మాట్లాడే తాజిక్కులు వాళ్లను చూసి ‘తుర్కుల్లా ఉన్నారు’ అన్నారట. 17వ శతాబ్దంలో ఖీవా ఖాన్ అబుల్ గాజీ కూడా తుర్క్‌మెన్‌ల వంశావళి రాస్తూ ఈ మాటే చెప్పాడు. గమనించారా, ఇందులో ఎక్కడా తుర్క్‌మెన్‌లు తమను తాము పిలుచుకోవడం లేదు. ఎప్పుడూ బయటివాడే చూసి పేరు పెడుతున్నాడు, అదీ పారశీలో. ‘లాంటి వాళ్లు’ అని ఎవరైనా తమకు తాము పేరు పెట్టుకుంటారా? పండితులు దీన్ని జనం అల్లుకున్న వ్యుత్పత్తిగా తీసి పక్కన పెట్టడానికి ఇదీ ఒక కారణం. మీ కాగితంలో ఉన్న జవాబు ఇదే మరి. పాత పుస్తకాల్లో ఉంది కాబట్టి తప్పని కొట్టేయలేం, ఒప్పని మార్కూ ఇవ్వలేం.

ఈమాన్ సంగతికి వద్దాం. తుర్క్, ఈమాన్ కలిసి తుర్క్‌మెన్ అయిందని 14వ శతాబ్దంలో డమాస్కస్ చరిత్రకారుడు ఇబ్న్ కసీర్ రాశాడు. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ చరిత్రకారుడు నెష్రీ కూడా అలాగే రాశాడు. మాట పుట్టుకగా చూస్తే ఇది కుదరదు. మతం మారిన తుర్కులు ఎందరో ఉన్నారు, అందరికీ ఈ పేరు రాలేదు. పైగా చైనాలో 801లో పూర్తయిన ‘తోంగ్‌దియెన్’ అనే విజ్ఞాన సర్వస్వంలో తుర్క్‌మెన్‌కు దగ్గరగా వినిపించే ఒక దేశం పేరు ఉంది. అది ఈ మాటే అయితే, ఒగుజ్‌లు ఇస్లాంలోకి రాకముందే పేరు ఉన్నట్టే.

ఇక్కడే ఆగిపోతే మూడో జట్టుకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఎందుకంటే ముస్లిం రచనల్లో ఈ పేరు మొదట కనబడేది సరిగ్గా మతం మారే చోటే. 985 ప్రాంతంలో ముకద్దసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞుడు ఇస్ఫీజాబ్ చుట్టుపక్కల, అంటే ఇప్పటి దక్షిణ కజకిస్తాన్‌లో, తుర్క్‌మెన్‌లను చూపిస్తాడు. అప్పట్లో అది ముస్లిం రాజ్యాల ఉత్తరపు సరిహద్దు. అక్కడి రెండు ఊళ్ల తుర్క్‌మెన్‌లు భయం కొద్దీ ఇస్లాం తీసుకున్నారని రాస్తాడు. ఆ తర్వాత మనకందరికీ తెలిసిన అల్‌బిరూనీ. మహమూద్ గజనీ కాలంలో మన దేశం గురించి రాసినాయనే. రత్నాలూ లోహాల మీద ఆయన రాసిన ఇంకో పుస్తకంలో ఈ ముచ్చట వస్తుంది. ఒగుజ్‌లలో ఎవడైనా ఇస్లాం తీసుకుని ముస్లింలతో కలిసిపోతే రెండు పక్షాల మధ్యా దుబాసీ అయ్యేవాడట. దాంతో మతం మారినవాణ్ని ఒగుజ్‌లే ‘తుర్క్‌మెన్ అయ్యాడు’ అనేవారట. అరబ్బీలో దుబాసీని తర్జుమాన్ అంటారు. మన తర్జుమా అనే మాట ఆ కుదురు నుంచే వచ్చింది. తర్జుమాన్, తుర్క్‌మాన్. వినడానికి దగ్గరగానే ఉన్నాయి కానీ ఇదీ చెవికి తట్టిన పోలికే తప్ప పుట్టుక కాదు. 12వ శతాబ్దంలో మర్వజీ అనే మరో రచయిత కూడా ముస్లింలైన ఒగుజ్‌లకే తుర్క్‌మెన్ అని పేరు వచ్చిందంటాడు.

నా లెక్క ఇది. ఆ కాలపు మనుషులు ‘ఎవర్ని అలా పిలిచేవారు’ అన్నదానికి గట్టి సాక్షులు, ఎందుకంటే వాళ్లు కళ్లతో చూశారు. ‘ఆ మాట ఎలా పుట్టింది’ అన్నదానికి మాత్రం మనకన్నా మెరుగైన సాక్షులేం కారు. మన ఊరి పేరు ఎలా పుట్టిందో మనలో ఎంతమందికి తెలుసు? కాబట్టి మతం మారిన ఒగుజ్‌లకు ఈ పేరు అంటుకుందన్నది నమ్మొచ్చు. ఈమాన్ లోంచి ఆ పేరు పుట్టిందన్నది నమ్మక్కర్లేదు. కాష్‌గరీ ఇంకో ముక్క కూడా కలిపాడు. కర్లుక్ అనే తెగ ఒగుజ్‌లు కాకపోయినా వాళ్లూ తుర్క్‌మెన్‌లేనట. పేరు అప్పటికింకా ఒక్క జనానికే కుదురుకోలేదన్నమాట.

రెండో జట్టు జవాబు, ‘అసలు సిసలు తుర్కులు’. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది దీని వైపే ఉన్నారు. ఫ్రెంచి పండితుడు జాన్ దెనీ తుర్కీ వ్యాకరణం మీద పనిచేస్తూ మాన్, మెన్ అనేది మాటకు బలం పెంచే ప్రత్యయం అన్నాడు. తుర్కీలో కోజా అంటే పెద్ద, కోజామాన్ అంటే బాగా పెద్దది. షిష్ అంటే వాపు, షిష్‌మాన్ అంటే లావుపాటి మనిషి. ముందున్న అచ్చును బట్టి మాన్ కాస్తా మెన్ అవుతుంది. ఆ లెక్కన తుర్క్‌మెన్ అంటే అచ్చమైన తుర్కు. పారశీ అక్కర్లేదు, అరబ్బీ అక్కర్లేదు, మాట పుట్టిన భాషలోనే దానికి దారి దొరుకుతోంది. దీని బలమంతా అక్కడే ఉంది. మిగతా తుర్కులు ఎంతమంది ఉండగా ఒగుజ్‌లకే ఈ ‘అచ్చమైన’ కిరీటం ఎందుకు దక్కిందన్నది మాత్రం ఎవరూ సూటిగా చెప్పలేదు. అందుకే దీనికి ముప్పావు మార్కు అంటాను నేను. క్విజ్‌లో ముప్పావు మార్కులు ఉండవు కదా, కనుక రద్దే దారి.

గ్రూపులో ఇంకా రెండు మూడు వచ్చే అవకాశం ఉంది, ముందే చెబుతున్నాను. ‘మెన్ అంటే ఇంగ్లిష్‌లో మనుషులు కదా’ అని ఎవరో ఒకరంటారు. కాదు. ఒక్క ఆవిడైనా తుర్క్‌మెన్నే, పది మందైతే వాళ్ల భాషలో తుర్క్‌మెన్‌లెర్. బహువచనానికి వాళ్ల ‘లెర్’, మన ‘లు’ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు సరదా పడతారు. శ్రీమాన్, బుద్ధిమాన్‌లోని మాన్ అని ఇంకొకరు అంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. తుర్క్‌మెన్ భాషలో మెన్ అంటే ‘నేను’, కాబట్టి ‘నేను తుర్కుని’ అని అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. వినసొంపుగా ఉంటుంది, అంతే.

అసలు తుర్క్ అంటే ఏమిటి అని అడుగుతారేమో. బలం అని కొందరు చెబుతారు. కాష్‌గరీ అయితే పండు పక్వానికి వచ్చే వేళ అంటాడు. ఒక కొండ శిరస్త్రాణంలా ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చైనా చరిత్రలు చెబుతాయి. ఇక్కడా ఏకాభిప్రాయం లేదు, దీన్ని కూడా క్విజ్‌లో పెట్టకండి.

మీ పాఠానికి నిజంగా పనికొచ్చేది పేరు అర్థం కన్నా పేరు ప్రయాణం. ఒగుజ్‌లలోని సెల్జూక్ వంశం 1040లో మెర్వ్ దగ్గర దందాన్‌కాన్‌లో గజనీ సుల్తాన్ మసూద్‌ను ఓడించింది. మసూద్ అంటే మన పాఠంలోని మహమూద్ గజనీ కొడుకే. మెర్వ్ శిథిలాలు ఇప్పుడు తుర్క్‌మెనిస్థాన్‌లోనే ఉన్నాయి. ఆ గెలుపుతో సెల్జూక్‌లు ఇరాన్, ఇరాక్ మీదుగా అనతోలియా, అంటే ఇప్పటి టర్కీ దాకా పాకారు, వాళ్ల వెనకే గొర్రెల మందలతో తుర్క్‌మెన్‌లు కదిలారు. రాజ్యం వచ్చాక ఈ బంధువులే తలనొప్పి అయ్యారు. సెల్జూక్‌ల మంత్రి నిజాముల్ ముల్క్ తన రాజనీతి గ్రంథంలో దీన్ని దాచుకోలేదు. తుర్క్‌మెన్‌ల వల్ల విసుగు పుడుతున్న మాట నిజమే, కానీ రాజ్యం మొదట్లో కష్టపడింది వాళ్లు, మనకు చుట్టాలు, కాబట్టి వాళ్ల కుర్రాళ్లను ఒక వెయ్యి మందిని కొలువులో పెట్టుకోమని సుల్తానుకు సలహా ఇస్తాడు. ఊళ్లో పెద్దాయన చెప్పినట్టుంటుంది. అప్పటికే తుర్క్‌మెన్ అంటే పట్నాల్లో కుదురుకోకుండా మందలతో తిరిగే తుర్కు అన్న అర్థం కూడా వచ్చి చేరుతోంది. ఒగుజ్ అనే పాత పేరు నెమ్మదిగా వంశావళుల్లోకి, కథల్లోకి వెళ్లిపోయింది.

గోల్కొండకు దారి ఇక్కడి నుంచే. అలా పడమటికి వెళ్లిన తుర్క్‌మెన్‌లలో 14, 15 శతాబ్దాల్లో రెండు కూటములు బలపడ్డాయి. ఒకటి నల్ల గొర్రెల కరా కొయున్లు, రెండోది తెల్ల గొర్రెల అక్ కొయున్లు. 1467లో తెల్ల గొర్రెల ఉజున్ హసన్ చేతిలో నల్ల గొర్రెల జహాన్ షా చచ్చిపోయాడు, ఆ వంశం చెల్లాచెదురైంది. అలా ప్రాణం కాపాడుకోవడానికి హమదాన్ వైపు నుంచి దక్కనుకు వచ్చిన కుర్రాడే సుల్తాన్ కులీ. బహమనీల కొలువులో చేరాడు, కుతుబుల్ ముల్క్ బిరుదు అందుకున్నాడు, తెలంగాణకు తరఫ్‌దారు, అంటే ప్రాంత పాలకుడు అయ్యాడు, 1518 నాటికి గోల్కొండలో స్వతంత్రుడయ్యాడు. పిల్లలు తప్పు చేసేది ఇక్కడే, క్విజ్ పుస్తకాలు కూడా చేస్తాయి. తుర్క్‌మెన్ అనగానే తుర్క్‌మెనిస్థాన్ నుంచి వచ్చాడని రాసేస్తారు. హమదాన్ ఇరాన్‌కు పడమటి కొస. తుర్క్‌మెనిస్థాన్ అనే రాజకీయ పటమే 1924లో సోవియట్ వాళ్లు గీసింది, స్వతంత్ర దేశమైంది 1991లో. ఇరాక్‌లో కిర్కూక్, తల్ అఫర్ వైపు ఉన్న తుర్క్‌మెన్‌లు కూడా అంతే. పేరు ఒకటే అయినా వాళ్ల మాట తీరు తుర్క్‌మెనిస్థాన్ రాజధాని అష్గబాత్ వాళ్ల కన్నా అజర్‌బైజాన్, టర్కీ వాళ్లకు దగ్గర. ఢిల్లీలో తుర్క్‌మాన్ గేటు చూసినా కంగారు పడొద్దు, దగ్గర్లోనే సమాధి ఉన్న 13వ శతాబ్దపు సూఫీ షా తుర్క్‌మాన్ బయాబానీ పేరు మీద వచ్చిందది.

ఇప్పటి తుర్క్‌మెనిస్థాన్‌లోనూ ఒకప్పుడు మనిషిని అడిగితే ముందు తన తెగ పేరే చెప్పేవాడు. తెకే, యోముత్, ఎర్సారీ, సారిక్, చోవుదుర్. ఆ దేశం జెండా మీద నిలువు పట్టీలో ఐదు తివాచీ నమూనాలు ఉంటాయి, అవి ఈ ఐదు తెగలవీ. 18వ శతాబ్దపు కవి మగ్తింగులీ తెగలన్నీ ఒక్కటి కావాలని పాడాడు, అందుకే ఇప్పటికీ ఆయన వాళ్లకు జాతికవి. పిల్లలకు ఆ జెండా ప్రింటు తీసి చూపించండి, పేరు వ్యుత్పత్తి కన్నా బాగా గుర్తుంటుంది.

ఆ పిల్ల అడిగిన ప్రశ్నే మీ క్విజ్ మొత్తంలో మంచి ప్రశ్న, దాన్ని మాత్రం దాటేయకండి. మూలం ఒకటే. తుర్క్ అనే పేరు సంస్కృతంలో తురుష్క అయింది, తెలుగులో తురక అయింది. 12వ శతాబ్దంలో కల్హణుడు రాజతరంగిణిలో కుషాణులను కూడా తురుష్కులన్నాడు, అంటే అప్పటికి ఆ మాటకు మతంతో పనిలేదు, వాయవ్యం నుంచి వచ్చిన జనం అంతే. తర్వాత మన శాసనాల్లో, కావ్యాల్లో ఢిల్లీ సైన్యాలను తురుష్కులన్నారు. క్రమంగా అరబ్బయినా, పఠానయినా, తరతరాలుగా తెలుగే మాట్లాడుతూ ఇక్కడే పుట్టి పెరిగిన ముస్లిమయినా అందరికీ ఆ మాట అంటించేశారు. హైదరాబాద్ పక్కన తుర్కయాంజాల్, గుంటూరు వైపు తురకపాలెం ఆ రోజుల వాసనే. మధ్య ఆసియాలో మతం మారినవాళ్ల పేరు ఒక జనానికి పేరైంది. మన దగ్గర ఒక జనం పేరు కాస్తా మతానికి పేరైంది. దారులు సరిగ్గా ఎదురెదురు.

క్లాసులో నేనైతే ఇలా చెబుతాను. ‘ఆ మాట తుర్క్ నుంచే వచ్చిందమ్మా. పాత పుస్తకాల్లో, ఊరి పేర్లలో కనిపిస్తే చదువుకుందాం. కానీ మన ముస్లింలలో ఎక్కువమంది తుర్కులు కారు, పైగా ఇప్పుడు ఆ మాటను చులకనగా వాడతారు కాబట్టి విన్నవాళ్లు నొచ్చుకుంటారు. మనుషుల గురించి మాట్లాడేటప్పుడు ముస్లింలు అందాం.’ క్లాసులో ముస్లిం పిల్లలు ఉంటే వాళ్ల వైపు తిరిగి ప్రత్యేకంగా చెప్పకండి, నల్లబల్ల వైపు తిరిగి తుర్క్, తురుష్క, తురక అని మూడూ రాస్తూ చెప్పండి. ‘మరి మా తాత అలాగే అంటాడు మేడమ్’ అని ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. తాతను తిట్టక్కర్లేదు, ఆయన కాలంలో అలా అనేవారని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోండి.